అడుగు వరస

పోయిన వారం కథ విశ్వవిద్యాలయం గేటు దగ్గర ఆగింది. విస్సన్నపేట రైతు చిన్నరాయప్ప మోటారుసైకిల్ వెనక మామిడికాయల పెట్టె కట్టుకుని వచ్చాడు. వాచ్‌మన్ లోపలికి వదలనన్నాడు. ఈయన వాదించలేదు, కేకలు వేయలేదు. గేటుకి అడ్డంగా బండికి స్టాండు వేసి, తువ్వాలు తలకి చుట్టుకుని, బండి మీదే కూర్చున్నాడు. లోపల గెస్ట్‌హౌస్‌లో కెన్యా నుంచీ, నేపాల్ నుంచీ, లావోస్ నుంచీ వచ్చిన పెద్దలు పెసరట్టు తింటున్నారు. వాళ్ళ టిఫిన్ అవగానే సమావేశం.

ఈ వారమే కొత్తగా చదువుతున్నవాళ్ళకి పాత నిలవ ఎంతో చెప్పి ముందుకి వెళ్తాను. నేను రాఘవేంద్రని. నూజివీడులో మామిడి వ్యాపారం, మా నాన్న కాలం నుంచీ. ఆగిరిపల్లి రోడ్డులో ఉన్న మా ఉద్యాన విశ్వవిద్యాలయానికి పాలకమండలి ఒకటుంది. అందులో వర్తకుల తరఫున నన్నొక సభ్యుడిగా వేశారు. "పొద్దున లేస్తే కాటా దగ్గర ఉండే మనిషివి, ప్రొఫెసర్ల మధ్య నీకేం పని?" అని మా ఆవిడ పుష్పావతి ఇప్పటికీ అడుగుతుంది. టీ బిస్కెట్లు బాగుంటాయని చెబుతాను.

అక్కడ ఇప్పుడు ఇన్‌ఛార్జి వీసీ డాక్టర్ కీర్తిప్రియ. ఆగిరిపల్లి బసవపున్నారావు గారి అమ్మాయి. వాళ్ళ తోట కాయ ఏటా నేనే కొంటాను. సమావేశంలో నన్ను "రాఘవేంద్ర గారూ" అంటుంది, మెట్లు దిగగానే "బాబాయ్" అంటుంది. రెండింట్లో ఏ పిలుపులో ఉన్నప్పుడు బేరం ఆడాలో నాకు తెలిసినంత బాగా ఆవిడకీ తెలుసు.

మా విశ్వవిద్యాలయానికి విదేశాలతో ఒప్పందం అనగానే మొదట్లో నేనూ యంత్రాలు వస్తాయనే అనుకున్నాను. అవేమీ రాలేదు. మా విశ్వవిద్యాలయం, కెన్యా, నేపాల్, లావోస్ దేశాలవీ, తోడుగా నెదర్లాండ్స్‌లోది ఒకటీ కలిసి పొత్తు కట్టింది మనుషుల కోసం. పంటల గురించి చెప్పగల ప్రొఫెసర్లు అందరి దగ్గరా ఉన్నారు. విశ్వవిద్యాలయాన్ని నడపడం వచ్చినవాళ్ళే ఎవరి దగ్గరా చాలినంత మంది లేరు. పాఠం బాగా చెప్పే ఆయన్ని ఒక రోజు తీసుకెళ్ళి పెద్ద కుర్చీలో కూర్చోబెడతారు. ఆ కుర్చీలో ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకని ఒకరి దగ్గరికి ఒకరు వెళ్ళాలి. అక్కడి పెద్ద పక్కన కొన్ని నెలలు కూర్చుని, వాళ్ళు నిర్ణయం ఎలా తీసుకుంటారో, తప్పు జరిగితే ఎలా దిద్దుకుంటారో చూసి రావాలి. ఈ పద్ధతి నాకు వెంటనే నచ్చింది. మా నాన్న నన్ను ఒక సీజను మొత్తం కొట్లో తన గద్దె పక్కన కూర్చోబెట్టాడు, నోరు విప్పనివ్వలేదు. ఆ సీజనులో నేర్చుకున్నదాని మీదే ఇప్పటికీ తింటున్నాను.

కీర్తిప్రియ అలా కెన్యా వెళ్ళి, అక్కడి వీసీ డాక్టర్ వంజీరు గారి పక్కన కూర్చుని వచ్చింది. వచ్చాక చేసిన మొదటి పని చెబుతాను, సరుకు ఏ రకమో మీకే తెలుస్తుంది. అమ్మాయిల హాస్టల్లో నీళ్ళ పంపు పాడైంది. రిపేరుకి వీసీ సంతకం కావాలని వార్డెను ఫైలు పంపింది. కీర్తిప్రియ సంతకం పెట్టకుండా వెనక్కి పంపింది. "పంపు మీ హాస్టల్‌ది, నిర్ణయం మీది" అని ఒక ముక్క రాసి. వార్డెను మళ్ళీ పంపింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. పిల్లలు బకెట్లు పట్టుకుని వీసీ బంగళా ముందు కూర్చున్నారు. కీర్తిప్రియ తన ఇంట్లోంచి వాళ్ళకి నీళ్ళు పట్టించింది గానీ సంతకం పెట్టలేదు. చివరికి వార్డెను తానే సంతకం చేసింది. ఆ మర్నాటి నుంచీ ఆ హాస్టల్ ఫైలు ఒక్కటి కూడా పైకి రాలేదు. పంపు బాగైందని అందరూ అనుకున్నారు. బాగైంది వార్డెను.

ఈ పొత్తుకి ఇప్పుడు ఆసియా వైపు ఒక శిక్షణ కేంద్రం కావాలి. విశ్వవిద్యాలయాలు నడపబోయేవాళ్ళందరూ వచ్చి నేర్చుకునే చోటు. అది మనకా, నేపాల్‌కా అని తేల్చడానికే ఈ అతిథులు వచ్చారు. ఆ కేంద్రం కోసం కీర్తిప్రియ పెట్టిన కష్టం నాకు తెలుసు. సరిగ్గా ఆ రోజే చిన్నరాయప్ప పెట్టె కట్టుకుని వచ్చాడు.

పెట్టెలో ఉన్నది మన తప్పు. కొన్నేళ్ళ కిందట విశ్వవిద్యాలయం నర్సరీ నుంచి రైతులకి చిన్నరసం మామిడి అంటు మొక్కలు ఇచ్చారు. ఈ ఏడు కాపుకొస్తే తెలిసింది, అవి పెద్దరసం అని. ఆకు చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి, కాయ వచ్చేదాకా బయటపడదు. చిన్నరసానిదే పై ధర, రెంటికీ ఉన్న తేడా మా ఊళ్ళో పసిపిల్లాడిని అడిగినా చెబుతాడు.

ఇదీ నిలవ. ఇక ఈ వారం ఖాతా.

*

వీసీ గదిలో ముగ్గురం ఉన్నాం. కీర్తిప్రియ, నేను, డీన్ సత్యనారాయణ గారు. ఆయన ఆవిడకి డిగ్రీలో పాఠం చెప్పిన గురువు. అందుకని ఆయన ఆవిడని "మేడమ్" అన్నప్పుడల్లా ఆవిడకి ఇబ్బంది, ఆవిడ ఆయన్ని "సార్" అన్నప్పుడల్లా ఆయనకి ఇబ్బంది.

"గేటు దగ్గరిది పెద్ద సమస్యేం కాదు మేడమ్," అన్నారు సత్యనారాయణ గారు. "వెనక గేటు నుంచి ఫామ్ ఆఫీసుకి తీసుకెళ్ళి కూర్చోబెడతాం. మజ్జిగ ఇస్తాం."

"మజ్జిగ తాగాక?"

"భోజనం పెడతాం."

"భోజనం అయ్యాక?"

"ఈలోపు వీళ్ళు ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోతారు."

"చిన్నరాయప్ప గారు మాత్రం విస్సన్నపేటలోనే ఉంటారు కదా సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మేడమ్ అన్న మాట పక్కకి పోయింది. "అమ్మా కీర్తీ, నా మాట విను. తప్పు నువ్వు చేసింది కాదు. నర్సరీలో ఎవరో మొక్కల చీటీలు కలిపేశారు. ఇవాళ ఇది వాళ్ళ ముందు పెడితే కేంద్రం నేపాల్‌కి పోతుంది. అక్కడితో ఆగుతుందా? సెర్చ్ కమిటీ దగ్గర నీ పేరుంది. నీ పేరు ముందు ఇన్‌ఛార్జి అన్న ముక్క తీసేసే టైము ఇది. చేతులారా పాడుచేసుకుంటావా?"

ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ఇక్కడే రాసి పెట్టుకోండి. ఆ విశ్వవిద్యాలయం గోడలు లేచినప్పటి నుంచీ ఉన్న మనిషి. దానికి చెడ్డపేరు వస్తుందంటే ఆయనకి రాత్రి అన్నం సయించదు.

కీర్తిప్రియ నా వైపు తిరిగింది. "మీరేమంటారు?"

నేను మా వాడుకలో ఉన్నదే చెప్పాను. "పై వరస చూపిద్దామమ్మా."

మామిడి పెట్టె సర్దడం చూడనివాళ్ళకి చెప్పాలి. అడుగున వరిగడ్డి, దాని మీద మామూలు కాయ, పై వరసలో మాత్రం ఏరిన కాయ. నిగనిగలాడుతూ, తొడిమెలన్నీ ఒకే వైపు. ఇది మా దగ్గర మోసం కింద రాదు. పెళ్ళికి వెళ్తూ ఇస్త్రీ చొక్కా వేసుకోవడం లాంటిది. కొనేవాడికీ ఆ సంగతి తెలుసు. వాడు చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగు వరసలోంచి ఒక కాయ లాగి చూసుకుంటాడు.

"వాళ్ళు చెయ్యి పెట్టి లాగితే అప్పుడు చెబుదాం," అన్నాను. "అడగకుండా మనమెందుకు తీసి చూపించడం? చిన్నరాయప్ప సంగతి నాకొదిలెయ్. నేను మాట్లాడతాను."

"మాట్లాడతాను" అన్నాను. మాట్లాడేశానని అనలేదు. ఆవిడకి చెప్పనిది మీకు చెబుతున్నాను. ముందు రోజు సాయంత్రం సత్యనారాయణ గారు నాకు ఫోను చేశారు, రేపు చిన్నరాయప్ప పెట్టెతో వస్తాడట, ఎలాగైనా ఆపమని. నేను నేరుగా విస్సన్నపేట వైపు బండి తిప్పాను. చిన్నరాయప్ప తోటలోనే ఉన్నాడు. ఈ ఏడు నీ కాయంతా నేను తీసుకుంటాను, చిన్నరసం ధరకే తీసుకుంటాను, రేపు నువ్వు ఆగిరిపల్లి రోడ్డు మొహం చూడకు అన్నాను. ఆయన నాకు కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు. "ఆలోచించుకుని రేపు చెప్తానండీ" అన్నాడు. ఆ జవాబే ఇప్పుడు గేటుకి అడ్డంగా కూర్చుని ఉంది.

కీర్తిప్రియ కాసేపు బల్ల మీద పెన్ను తిప్పింది. తర్వాత అడిగింది.

"బాబాయ్, మీరూ రామకృష్ణ గారూ చింతలపూడి వైపు తోటలు పొత్తులో తీసుకుంటారు కదా?"

"ఏటా తీసుకుంటాం."

"అక్కడి నుంచి ఆయన మీకు పంపిన పెట్టెలో పై వరస ఒకలాగా, అడుగు వరస ఒకలాగా ఉందనుకోండి. ఏం చేస్తారు?"

"పొత్తు తెంపేస్తాను."

ఆలోచించే లోపే వచ్చేసింది నోట్లోంచి.

"అదేంటి? ఇస్త్రీ చొక్కా లాంటిదే అన్నారుగా?"

"అది కొనేవాడికమ్మా. పొత్తుదారుకి అడుగు వరసే ముందు చూపించాలి. పుచ్చు ఎక్కడుందో ఇద్దరికీ తెలియకపోతే నష్టం ఇద్దరి నెత్తినా పడుతుంది."

ఆవిడ నవ్వింది. వాళ్ళ నాన్న బేరం గెలిచినప్పుడు నవ్వే నవ్వే అది. నాకు అప్పటికే అర్థమైపోయింది, నా పెట్టె నా చేతే తిరగేయించిందని.

"ఆ గెస్ట్‌హౌస్‌లో ఉన్నవాళ్ళు కొనేవాళ్ళా బాబాయ్, పొత్తుదార్లా?"

నేను గోడ గడియారం వైపు చూశాను.

"ఇది కాయల వ్యాపారం కాదు మేడమ్," అన్నారు డీన్ గారు.

"కాదు సార్. అంట్ల వ్యవహారం. ఆ అంట్లే మనం తప్పుగా ఇచ్చాం." ఆవిడ ఫోను తీసి గేటుకి చేసింది. "చిన్నరాయప్ప గారిని బండితో సహా లోపలికి పంపండి. సమావేశం హాలుకి. పెట్టె ఆయన చేత మోయించకండి, ఆయన మన అతిథి."

*

హాల్లో పెద్ద బల్ల. చుట్టూ విభాగాల అధిపతులు. ఒక వైపు అతిథులు, మధ్యలో డాక్టర్ వంజీరు. పొట్టి జుట్టు, ముదురు ఆకుపచ్చ గౌను, మెళ్ళో పూసల దండ. మనిషి మాట్లాడే ముందు ఎదుటివాళ్ళని ఒకసారి తూకం వేసినట్టు చూస్తుంది. మా మార్కెట్లో పెడితే నాలుగు రోజుల్లో కొట్టు పెట్టేస్తుందనిపించింది.

గోడ మీద తెర. తెర మీద మా విశ్వవిద్యాలయం ఫొటో, మంచులో పూత పూసిన తోటతో సహా. ఎవరు తీశారో గానీ పై వరస కాయే. కీర్తిప్రియ లోపలికి వస్తూనే ప్రొజెక్టరు ఆపేయమంది.

చిన్నరాయప్ప వచ్చాడు. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు. ఆయన తెలుగుని వాళ్ళకీ, వాళ్ళ ఇంగ్లీషుని ఆయనకీ చెప్పడానికి పండ్ల విభాగంలో పనిచేసే జేమ్స్ పక్కన కూర్చున్నాడు. ఇంగ్లీషు వ్యవహారం నాకు బేరం మేరకు వచ్చు, తేడా వస్తే పట్టుకోగలను.

కీర్తిప్రియ తనే పెట్టె తాడు విప్పింది. మూత తీయగానే నాకు నవ్వాగలేదు. పై వరసలో తుడిచిన కాయలు, నిగనిగలాడుతూ, తొడిమెలన్నీ ఒకే వైపు! ఫిర్యాదు చేయడానికి తెచ్చిన పెట్టె కూడా ఆయన అలాగే సర్దుకొచ్చాడు. అలవాటు పడ్డ చెయ్యి.

"ఏం రాయప్పా, వీటిని కూడా ఏరావా?" అన్నాను.

"నలుగురిలోకి తెస్తున్నాను కదండీ," అన్నాడు ఆయన, సిగ్గుపడుతూ.

కీర్తిప్రియ రెండు చేతులతో పెట్టె ఎత్తి, ఆ నునుపు బల్ల మీద బోర్లించింది. కాయలు దొర్లాయి, వరిగడ్డి పరుచుకుంది, ఒక కాయ వెళ్ళి నేపాల్ ఆయన లాప్‌టాప్‌కి తగిలి ఆగింది. అడుగు వరస పైకి వచ్చింది. అదీ పెద్దరసమే, పై వరసా పెద్దరసమే.

ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. నాకు అర్థమైనంత ఇక్కడ రాస్తున్నాను.

"ఇవి మేమిచ్చిన అంట్లకి కాసిన కాయలు. చిన్నరసం అని చీటీ కట్టి ఇచ్చాం. ఇది చిన్నరసం కాదు. చీటీలు కలిసిపోయిన సంగతి అంట్లు ఇంకా నర్సరీలో ఉండగానే జేమ్స్ గమనించి చెప్పాడు. ఈ బల్ల చుట్టూ ఉన్న మాలో చాలామందికి తెలుసు. అప్పుడు వీసీ కుర్చీ ఖాళీగా ఉంది. ఆపమని ఎవరో ఒకరు అనాలి. ఉత్తర్వు పై నుంచి రావాలని అందరం కూర్చున్నాం. అప్పటి పండ్ల విభాగం అధిపతిని నేనే. నేనూ కూర్చున్నాను. ఉత్తర్వు వచ్చేలోపు లారీలు వెళ్ళిపోయాయి."

ఒకాయన తన ముందుకి దొర్లిన కాయని వేలితో పక్కవాడి ముందుకి నెట్టాడు.

వంజీరు గారు చిన్నరాయప్పని అడిగింది, ఈ కాయ మంచిది కాదా అని.

"కాయకేం అమ్మగారూ, బంగారం లాంటి కాయ," అన్నాడు ఆయన. "కాఫీ అడిగితే టీ ఇచ్చారనుకోండి, తాగేస్తాం. మర్యాదకి బాగుందంటాం కూడా. ఇది నా కొడుకూ, వాడి కొడుకూ కూడా తాగాల్సిన టీ అండీ."

జేమ్స్ చెప్పగానే వంజీరు గారు పెద్దగా నవ్వింది. వాళ్ళది టీ తోటల దేశమని తర్వాత తెలిసింది. నవ్వి, మళ్ళీ అడిగింది. "మీకేం కావాలి?"

"డబ్బు అడుగుతాననుకుంటున్నారు అందరూ," అన్నాడు చిన్నరాయప్ప. ఒక్కసారి నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "ఇస్తామని తోటదాకా వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు లెండి. నాకు కావలసింది, ఇలా జరిగింది అని మాలాంటివాళ్ళందరికీ ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెట్ల కొమ్మలు కోసి, మంచి చిన్నరసం అంట్లు కట్టి, మళ్ళీ నిలబెట్టొచ్చని మీవాళ్ళే అంటున్నారు. అది చేయాలి. ఎవరిని అడగాలో తెలియక గేటు దగ్గర కూర్చున్నాను."

తోటదాకా వచ్చినవాళ్ళ ముక్క జేమ్స్ ఇంగ్లీషులోకి మార్చలేదు. అక్కడ మింగేశాడు. నేను మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను.

వంజీరు గారు ఒక కాయ చేతిలోకి తీసుకుని మాట్లాడింది. వాళ్ళ విశ్వవిద్యాలయం ఒక ఏడాది రైతులకి తెగులున్న బంగాళాదుంప విత్తనం ఇచ్చిందట. ఆవిడకి ఆ సంగతి తన కింద పనిచేసేవాళ్ళు చెప్పలేదట, ఊళ్ళో రేడియోలో విన్నదట. "నేను ఇక్కడికి వచ్చేటప్పుడు మీరేం చూపిస్తారా అని అనుకుంటూ వచ్చాను," అంది. "ఇప్పటిదాకా ఏ విశ్వవిద్యాలయమూ నాకు తన తప్పుని ఇలా చూపించలేదు. మేమూ ఎవరికీ చూపించలేదు."

నేపాల్ ఆయన, పోటీలో ఉన్న మనిషి, మెచ్చుకోలుగా బల్ల చరిచాడు. మా వాళ్ళ మొహాల్లో రక్తం తిరిగింది. కేంద్రం వచ్చేసినట్టే అనుకున్నాను. మనసులో తూకం కూడా వేసేసుకున్నాను.

అప్పుడు వంజీరు గారు కాయ బల్ల మీద పెట్టి, కీర్తిప్రియ వైపు తిరిగింది.

"ఒక్క ప్రశ్న కీర్తీ. ఇవాళ నువ్వు సెలవులో ఉంటే, ఈ పెట్టె ఈ బల్ల మీదకి వచ్చేదా?"



అది అడగాల్సిన ప్రశ్నే. మా వ్యాపారంలో కొట్టు విలువ కట్టాలంటే యజమాని ఊళ్ళో లేని రోజు చూసి కడతారు. ఆ రోజు కాటా సరిగ్గా తూగితే, ఆ రోజు వచ్చిన కస్టమరు మళ్ళీ వస్తే, అప్పుడు ఆ కొట్టు కొనొచ్చు. యజమాని ఒక్కడి మీద నడిచే కొట్టు ఎంత బాగా నడిచినా దానికి ధర రాదు. నాకు తెలిసిన ఈ సంగతే ఆవిడ ఎక్కడో కెన్యా కొండల్లో నేర్చుకుని వచ్చి అడుగుతోంది.

కీర్తిప్రియ బల్ల చుట్టూ చూసింది. తన మనుషుల్ని ఒక్కొక్కరినీ చూసింది. వాళ్ళు కాయల వైపు చూస్తున్నారు.

"వచ్చేది కాదు," అంది.

తప్పించుకునే మాట ఒకటి వెతుక్కుంటుందని అనుకున్నాను. మా టీమ్ గొప్పదనో, అందరం కలిసి చేశామనో. నేనైతే అదే అనేవాడిని. ఆవిడ లేచి నిలబడింది. తన పెన్నూ, కాగితాలూ అక్కడే వదిలేసింది. ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చెప్పింది.

"చిన్నరాయప్ప గారి లాంటి రైతులు ఇంకా ఉన్నారు. వాళ్ళకి ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి, ఆ చెట్లని ఎవరు బాగుచేయాలి అన్నది ఈ గదిలో ఉన్నవాళ్ళే తేల్చండి. నేను బయట కూర్చుంటాను. మీరేం నిర్ణయించినా అదే అమలవుతుంది. దాని మీద నేను మళ్ళీ మాట్లాడను. ఏమీ తేల్చకపోతే, అదే మా జవాబని వీళ్ళు రాసుకుని వెళ్ళొచ్చు."

"మేడమ్, రూల్స్ ప్రకారం అధ్యక్షులు లేకుండా..." సత్యనారాయణ గారు లేవబోయారు.

"రూల్స్ ప్రకారం నేను లేనప్పుడు అధ్యక్షత మీది సార్."

చిన్నరాయప్పని తోడు తీసుకుని బయటకి వెళ్ళిపోయింది. పోతూ పోతూ బల్ల మీద నుంచి రెండు కాయలు పట్టుకెళ్ళింది.

నా అరవై ఏళ్ళలో కుర్చీ కోసం కొట్టుకున్నవాళ్ళని లెక్కలేనంత మందిని చూశాను. కుర్చీ పట్టుకుని వేలాడినవాళ్ళనీ చూశాను. ధర బాగా పలుకుతున్న సమయంలో దాన్ని ఖాళీ చేసి, ఇందులో నా వాళ్ళు కూర్చోగలరో లేదో చూద్దామని బయట నిలబడ్డ మనిషిని ఇదే చూడటం. పెట్టె బోర్లించడానికి ధైర్యం ఉంటే చాలు. దీనికి ఇంకేదో కావాలి. అది ఆవిడ దగ్గర ఉంది. సత్యనారాయణ గారు చెప్పినట్టు ఆవిడ తన చేతులారా పాడుచేసుకుంటోందో, ఇన్నాళ్ళూ పెట్టిన పెట్టుబడి ఇవాళ రాబట్టుకుంటోందో ఆ నిమిషంలో నేను చెప్పలేను. పణంగా పెట్టింది మాత్రం మొత్తం.

కిటికీ అద్దంలోంచి వరండా కనపడుతోంది. ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నారు. ఆవిడ కాయని అరచేతుల మధ్య పెట్టి మెత్తగా నలిపి, ముక్కు కొరికి పక్కన ఉమ్మేసి, రసం పీల్చుకుంటోంది. చిన్నరాయప్ప ఏదో అంటున్నాడు, ఆవిడ మోచేతి దాకా కారుతున్న రసం చూసుకుని నవ్వుతోంది. లోపల ఏం జరుగుతోందో అని ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

లోపల ఏమీ జరగడం లేదు.

పండ్ల విభాగం ఆయన ఫోను చూసుకుంటున్నాడు. మట్టి పరీక్షల విభాగం ఆవిడ కుర్చీ కిందకి దొర్లిన కాయని కాలితో వెతుకుతోంది. ఎవరో "కమిటీ వేస్తే..." అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. వంజీరు గారి ముందు తెల్ల కాగితం, దాని మీద పెన్ను, మూత తీసి.

అందరి చూపూ చివరికి ఒక్క చోటికే చేరింది. ఖాళీ కుర్చీ దగ్గరికి. అక్కడి నుంచి దాని పక్కన ఉన్న సత్యనారాయణ గారి దగ్గరికి.

ఆయన ఏం అంటారో నాకు తెలుసు. పాలకమండలిలో ఎన్నో సమావేశాల్లో విన్నాను. 'ఈ విషయం వచ్చే సమావేశానికి వాయిదా వేయడమైనది.' ఆ వాక్యం ఆయన నోట్లో అరిగిపోయి ఉంటుంది. ఆయన లేచారు. కళ్ళజోడు సర్దుకున్నారు. ఖాళీ కుర్చీ వెనక్కి లాగి, కాసేపు దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడి, తర్వాత కూర్చున్నారు.

"జేమ్స్," అన్నారు. "ఇందాక ఒక ముక్క మింగేశావు. ఇప్పటి నుంచి ఏదీ మింగకు. ఇక్కడ ఎవరేమన్నా ఉన్నదున్నట్టు వాళ్ళకి చెప్పు."

జేమ్స్ తల ఊపాడు.

సత్యనారాయణ గారు నా వైపు తిరిగారు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం లేదు.

"రాఘవేంద్ర గారూ, డబ్బు ఇస్తామని తోటదాకా వచ్చినవాళ్ళున్నారని చిన్నరాయప్ప అన్నాడు. నిన్న సాయంత్రం వాళ్ళ తోటకి వెళ్ళింది మీరే. ఎందుకెళ్ళారో చెప్పండి."

గ్లాసులో నీళ్ళు అయిపోయాయి. అందరూ నన్నే చూస్తున్నారు.

"ఎవరు పంపితే వెళ్ళారో," అన్నారు ఆయన, "ఆ పేరు కూడా చెప్పండి."

పంపింది ఆయనే. ఆ సంగతి ఆ గదిలో తెలిసింది మా ఇద్దరికే. చెబితే ఆయన కొంప మునుగుతుంది, చెప్పకపోతే ఆవిడ లేని గదిలో నిజం బయటపడదని తేలిపోయి, బయట రసం పీల్చుకుంటున్న ఆవిడది మునుగుతుంది. వంజీరు గారు పెన్ను చేతిలోకి తీసుకుంది. జేమ్స్ నా నోటి వైపే చూస్తున్నాడు, నేను అనబోయే మాటని ఇంగ్లీషులోకి మార్చడానికి.